ముందరి పళ్ళు నాలుగు

గ్రీమ్స్‌పేటలో మెట్ల కింద నా గది,
పళ్ళ సెట్లు చేసే పని.
వచ్చినవాళ్ళు అడిగేది ఒకటే:
మటన్ కొరకొచ్చా, చెరుకు నమలొచ్చా,
పెళ్ళి ఫోటోలో నవ్వొచ్చా.

చెంగల్రాయులు అవేవీ అడగలేదు.
ఖాకీ సంచిలోంచి ఇత్తడి వంకర ఒకటి తీసి
ప్లాస్టర్ దవడల మధ్య బల్ల మీద పెట్టి
"దీన్ని ఊదాల సార్," అన్నాడు.
"ముందరి పళ్ళు నాలుగుంటే చాలు."

చింతపండుతో తోమిన వాసన ఇంకా పోలేదు దానికి.
ఊదే చోట ముప్పై ఏళ్ళ పెదవి
అరగదీసిన తెల్లటి వలయం.

బ్యూగిల్‌కి మీటలుండవట.
ఏడు స్వరాలు కూడా లేవు, ఐదే.
ఆ ఐదింటితోనే నిద్ర లేపాలి,
అన్నానికి పిలవాలి, దీపాలార్పించాలి.
"మీటలు మన మూతిలోనే ఉండాయి సార్.
పళ్ళు పోతే అది ఒట్టి గొట్టం."

మైనం కొరికించి కొలత తీసేటప్పుడు
నోరు నిండా ఉంది కనక చెప్పలేదు.
తీశాక చెప్పాడు.
దామోదరం, బంగారుపాళ్యం అవతల పక్క ఊరోడు.
ఒకే లారీలో భర్తీకి పోయారు.
వీడికి బ్యాండు, వాడికి మంచుకొండ.
పదకొండు రోజులు తవ్వితే దొరికాడు.
"పెట్టె ఊరికొచ్చిన పొద్దు
నేను ఢిల్లీలో తెల్ల గ్లౌజులేసుకొని
ఎవరో పరదేశం దొరకి సలామీ వాయిస్తా ఉండాను."

రిటైరయ్యాక ఏటా ఊదాడు.
పోయినేడు పళ్ళు రాలిపోతే
పిల్లోళ్ళు సెల్‌ఫోన్లో పెట్టారు.
సగంలో ఫోనొచ్చింది.
రాయి ముందర అందరూ సెల్యూట్‌లో ఉండగా
మీకు లోను కావాలా సార్ అని స్పీకర్లో ఒక ఆడకూతురు.
చెప్పి నవ్వాడు. చిగుళ్ళు కనిపించాయి.

"ఒక్క పాటేగా?" అన్నాను.
"రెండు. పడుకోమనేదొకటి, లేపేదొకటి.
పడుకోబెట్టి వచ్చేస్తే ఎట్లా సార్?
లేపేది కూడా నా డ్యూటీనే."

మొదటి సెట్టు గాలికే కదిలింది.
రెండోది పై స్వరం దగ్గర ఈలేసింది.
మూడోదానికి అందం వదిలేశాను.
వెనక మందం ఉంచి, పళ్ళు కాస్త లోపలికి వంచాను.
ఊది చూశాడు.
పైనించి ఇంటామె అరిచింది, "ఎవుర్రా అది, బస్సా?"

ఆకురాయి జేబులో వేసుకొని స్కూటర్ మీద నేనూ పోయాను.
పల్ప్ ఫ్యాక్టరీ దారిలో, బస్టాపు వెనక,
మోకాలెత్తు నాపరాయి.
రంగు పోయిన అక్షరాలకి
ఎవరో ఎర్ర గోళ్ళరంగు పూశారు.
పన్నెండుమందిమి. ఎమ్మార్వో రాలేదు.
దామోదరం భార్య కనకవల్లి
చేతిలో కొడవలితోనే వచ్చి నిలబడింది.

చెంగల్రాయులు అటు తిరిగి పళ్ళు పెట్టుకున్నాడు.
ఇటు తిరిగేసరికి హవల్దారు.

మొదటి స్వరానికే
మామిడికాయల లారీ ఒకటి నెమ్మదించి, ఆగింది.
పైకెక్కాల్సిన చోట ఒకటుంది,
అక్కడ ఎక్కలేదు.
స్వరం ఉండాల్సినంత సేపూ ఒట్టి గాలే వచ్చింది.
నా చెయ్యి ఆకురాయి మీదికి పోయింది.
ఆయన ఆగలేదు, తొందరపడలేదు.
కింది స్వరాన్ని దాని చోటికి
మెల్లగా నడిపించుకొచ్చాడు.

తర్వాత రెండు నిమిషాలు.
డ్రైవరు ఇంజను ఆపేశాడు.
కాయల మీది ఈగలు వినిపించాయి.

లేపే పాట చిన్నది, గెంతుతా పోతుంది.
దాంట్లో ఒక్కటీ తప్పలేదు.
అది వాయిస్తున్నంతసేపూ కనకవల్లి
రాయి వైపు చూడలేదు,
బస్సు దిగేవాళ్ళ వైపు చూసింది.

వాళ్ళింట్లో సంగటి పెట్టారు, చెనిక్కాయల ఊరిబిండి.
ఆయన పళ్ళు తీసి, కడిగి,
రుమాల్లో చుట్టి, ఇత్తడి పక్కన సంచిలో పెట్టాడు.
"తినేటప్పుడు ఉంచుకోండి," అన్నాను, చేసినవాణ్ణి కదా.
"సంగటికి పళ్ళెందుకు సార్," అన్నాడు ముద్ద మింగుతూ.
"అవి యూనిఫారం."