వారక్‌నబీల్ కాటా మీద

గోధుమ లారీలు వెళ్ళిపోయాయి.
ఖాళీ కాటా మీదికి మన అరవై రెండు నాటి లేలాండ్‌ని
ముందు ఇరుసు దాకా ఎక్కించి ఆపమంది లోయిస్ నోస్కే.

ఐదువేల ఎనిమిది వందల నలభై కిలోలు.
హద్దులోనే ఉన్నామని నువ్వు ఈల వేశావు.

ఆవిడ నవ్వలేదు.
ఎడమ చక్రం ఒక్కటే తూచింది.
మూడువేల రెండు వందలు.
"టైరుకి సగటు తెలీదు" అంది.
"ఇటు పక్క ఏం పెట్టారు?"

నీళ్ళ ట్యాంకు, బ్యాటరీలు, నీ పుస్తకాలు.
రోలు మాట నేనెత్తలేదు.
నువ్వు చెప్పేశావు.

టార్చి వేసి టైరు అంచున నాలుగంకెలు చదివింది,
పుట్టిన వారం, పుట్టిన ఏడు.
గాళ్ళు ఇంకా వేలు దిగేంత లోతు,
పక్కన మాత్రం సన్నగా నెర్రెలు.
నడిచి కాదట,
ఎండలో ఊరికే నిలబడి ముసలిదయిందట.

వెనక జంట టైర్లను సుత్తితో తట్టి వింది.
ఒకటి ఖంగుమంది,
ఒకటి దిండులా.
"ఇది ఎప్పుడో చతికిలబడింది.
పక్కది నోరెత్తకుండా మోస్తోంది.
అలా మోసేవే
కాలి పేలతాయి."
మనం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

రంగు కోసం దాచిన డబ్బు మూడు టైర్లయింది.
బస్సు ఒక పక్క ఆకుపచ్చ, ఒక పక్క ఎర్ర ప్రైమరు,
అలాగే ఉంటుంది.

రోలు కుడికి దొర్లించి, ట్యాంకు సగం వంచేసి
మళ్ళీ తూచాం.
ఇంకా అరవై కిలోలు ఎడమకే.
అది నా సీటు.
దిగనా, అన్నాను.

బిల్లు రాస్తూ, తలెత్తకుండా,
"నిన్ను లెక్కలో వేసే గాలి పట్టాను" అంది లోయిస్.