పోయిన వస్తువుల కిటికీ

మంగళవారం పొద్దున పది.
విన్నిపెగ్‌లో మైనస్ ముప్పై ఒకటి.
వంటింటి బల్ల మీది రొట్టె పొడి తుడిచి
కంప్యూటర్ తెరుస్తాను.
హైఫాలో మాస్టారికి దీపాలు పెట్టే వేళ,
ఆయన వెనక గోడ మీద
సముద్రపు వెలుతురు ఆరిపోతుంటుంది.
అడిలైడ్ నుంచి లారీ డ్రైవర్ హిర్ష్.
అక్కడ రాత్రి రెండున్నర, నిద్ర పట్టని మనిషి.
పోర్టో అలెగ్రీ పళ్ళ డాక్టరు ఇలానా
కెమెరాకి కనబడకుండా అన్నం తింటుంది.
అందరికీ కనబడుతుంది.

డెబ్బై రెండేళ్ళకి అక్షరాభ్యాసం నాకు.
కుడి నుంచి ఎడమకి నడిచే అక్షరాలు.
పాత అలవాటు కొద్దీ నా వేలు
ప్రతి వాక్యాన్నీ తోక దగ్గర పట్టుకుంటుంది.
మైకు ఆపడం మరిచి ఒకసారి
పిల్లిని తిట్టిన తిట్టు నాలుగు ఖండాలకి వినిపించింది.

ఈ నెల పాఠం, దొరికిన వస్తువులు.
దారిలో చెల్లాచెదురుగా పడ్డ నాణేలు నీవే, తీసుకో.
ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్న మూడు నాణేలా?
చాటింపు వెయ్యాలి.
పేర్చిన చెయ్యంటూ ఒకటుంది కదా, తిరిగి రావచ్చు.
పూర్వం ఆ నగరంలో ఒక రాయి ఉండేదట,
దొరికినవాడూ పోగొట్టుకున్నవాడూ అక్కడికే వచ్చేవారట,
ఒకడు కేకేస్తూ, ఒకడు ఆనవాళ్ళు చెబుతూ.

నవ్వొచ్చింది.
ఆ రాయి మీదే కదా ఇరవై తొమ్మిదేళ్ళు కూర్చున్నాను,
బస్సు డిపోలో, పోయిన వస్తువుల కిటికీ వెనక!
గొడుగులు, కట్టుడు పళ్ళు, ఒక క్లారినెట్,
ఒకసారి, ఒట్టు, పెళ్ళి కేకు పై అంతస్తు.
తొంభై రోజులు. ఆ తర్వాత వేలం.

సొంతదారు నీళ్ళొదులుకుంటేనే
వస్తువు దొరికినవాడిది, అన్నారు మాస్టారు.
నీళ్ళొదులుకున్నాడని మనకెలా తెలుస్తుంది?

నిట్టూరిస్తే, అన్నాడు హిర్ష్.
కొత్తది కొనుక్కుంటే, అంది ఇలానా.
చెయ్యెత్తే బొమ్మ ఎక్కడుందో వెతికి, దొరక్క,
నిజం చెయ్యే ఎత్తాను.

గ్లౌజు సంగతి చెప్పాను.
ఊదారంగు ఉన్ని, ఎడమ చేతిది,
బొటనవేలి దగ్గర వేరే నూలుతో రఫ్ఫు.
దానికోసం మిసెస్ పెత్రిషిన్
ఏటా తొలి మంచుకి వచ్చేది, పదకొండేళ్ళు.
కుడిది తొడుక్కుని వచ్చేది.
ఎడమ చెయ్యి కోటు జేబులో.
ఇంకా రాలేదమ్మా అంటే
సరేలే, తొందరేముంది, అనేది.

ఇంతవరకే చెప్పి ఆగుదామనుకున్నాను.
కానీ అడిలైడ్‌లో అర్ధరాత్రి దాటాక కూడా
ఒక మనిషి మేలుకుని వింటున్నాడు.
అందుకని మిగతాదీ చెప్పాను:
ఆమె మొదటిసారి వచ్చింది తొంభై నాలుగో రోజున.
తొంభై ఒకటో రోజునే
దాన్ని వేలం బుట్టలో వేసింది నేను.
రూలు ప్రకారమే.
పదకొండేళ్ళూ ఆమెతో ఆ ముక్క అనలేదు.

మాస్టారు గడ్డం గీరుకున్నారు.
పుట తిప్పబోయి తిప్పలేదు.
ఇలానా చెంచా కింద పెట్టిన చప్పుడు.
ఎవరి మైకూ ఆపి లేదు,
అయినా ఎవరూ మాట్లాడలేదు.

డైరెక్టరీలో పెత్రిషిన్‌లు పద్నాలుగు మంది.
ఇవాళ ముగ్గురికి ఫోన్ చేశాను.
ఒకాయన నేనేదో అమ్మజూస్తున్నాననుకుని పెట్టేశాడు.

వచ్చే వారానికి చదవాల్సింది:
దారి తప్పి మన దొడ్లోకొచ్చిన ఎద్దు.
ఎన్నాళ్ళు మేపాలి, ఎవరి గడ్డితో.