పదకొండో క్రేటు

బంగారుపాళెం దాటినాక గుజ్జు ఫ్యాక్టరీ.
తోతాపురి సీజను, రాత్రి షిఫ్టు.
నూట ఎనభై మందిలో నేనూ ఒకదాన్ని
అని మొదటి రోజు నోటుబుక్కులో రాసుకున్నాను.
ఆ వాక్యం మీద జీడి మరక ఇంకా ఉంది.

నాలుగో రోజుకి వేళ్ల సందుల్లో చర్మం ఊడింది.
సంతోషించాను, సిగ్గు లేకుండా.
దేశమ్మ కొబ్బరినూనె పూస్తా అనింది:
"నీకిది కొత్త మంట పాపా.
మాకు పోయినేడుది మానకముందే ఈ యేడుది వొస్తాది."
ఆ మాట మరిచిపోకముందే రాసుకోవాలని
బాత్రూముకని లేచాను.
అట్లా రాత్రికి మూడుసార్లు లేస్తుంటే
"కడుపు బాగలేదా మే?" అని
కొంగుముడి విప్పి వాము ఇచ్చింది సెల్వి.
నమిలాను.
అదీ రాశాను.

షిఫ్టుకి మనిషికి సగటున పదకొండు క్రేట్లు.
నా పేరు పక్కనా పదకొండే.
తిరుపతిలో మా గైడు ఆ అంకె కింద పెన్సిలు గీత గీసి
"కలిసిపోయావే వాళ్లలో" అన్నాడు.

జూలై ఆఖర్లో తెలిసింది,
నేను కోసేవి ఏడు.
మిగతావి నేను కళ్లు కడుక్కోను పోయినప్పుడల్లా
దేశమ్మ రెండు, సెల్వి ఒకటి,
ఎవరో పేరు చెప్పని మనిషి ఒకటి
నా వరసలోకి తోసినవి.
లెక్క తగ్గితే లోకనాథం నోరు ఊరుకోదు కదా.

అంటే వాళ్లవి పదకొండు కాదు.
నేను లేని ఫ్యాక్టరీలో ఎన్నో
నేను ఉండి ఎట్లా లెక్కపెట్టేది?

సెమినారుకని నేను తిరుపతి పోయిన బుధవారం
అందరూ కత్తులు కింద పెట్టేశారంట, గంటన్నర.
బెల్టు నడుస్తానే ఉండిందంట,
కాయలు పడి పగిలి, గేటు దాకా వాసన.
కూలి ముప్పై పెరిగింది.
సీజను మొత్తానికి జరిగింది అదొక్కటే.
ఆ రాత్రి నేను హాస్టల్లో
'లోపలి మనిషి చూపు' అనే నా పేపరుకి పడిన చప్పట్లు
మళ్లీ మళ్లీ తలుచుకుంటూ పడుకున్నాను.

"ముందే అనుకున్నారా?"
"అనుకున్న్యాం."
"నాకు చెప్పలేదే?"
దేశమ్మ కత్తి తుడుచుకుంది.
"నువ్వు రాస్తావు గదా."
గొంతులో కోపం లేదు.
ఏముందో రాయను నాకు చేతకాలేదు.

ఆఖరి రాత్రి టీ దగ్గర
సెల్వి నన్ను చేసి చూపించింది:
మెడ కొంచెం వంచి,
ప్రతిదానికీ "ఔనా? ఎందుకని?" అంటూ,
గాల్లో లేని పెన్ను పట్టుకుని.

నూట డెబ్బై తొమ్మిది మంది నవ్వారు.
నేనూ నవ్వాను,
కాస్త ఆలస్యంగా.