తరుగు పోను

ముప్పై నాలుగేళ్లు మిర్చి యార్డులో కాటా రాశాను.
టిక్కీ చూడగానే చెప్పేవాణ్ణి,
గోనె ఎంత, తేమ ఎంత, తాలు ఎంత,
తరుగు పోను రైతుకి మిగిలేది ఎంత.
నా తూకం మాత్రం
ఇంకెవరైనా చూసిపెడితే బాగుండునని
ఈమధ్యే అనిపిస్తోంది.

అమరావతి రోడ్డులో, ఊరు దాటాక,
లేత పసుపు రంగు మూడంతస్తుల పెద్దల నివాసం.
మూడు రోజులు ఉండి చూడండి, నచ్చితేనే కట్టండి అన్నారు.
శాంపిలు కాయ అన్నమాట.
శాంపిలు ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది,
గోనె అడుక్కి చెయ్యి పోనిచ్చి చూడాలి.

పోనిచ్చాను.

స్నానాల గదిలో గోడకి స్టీలు కడ్డీ.
మొదటిరోజు ముట్టుకోలేదు, పౌరుషం.
రెండోరోజు తలుపు గడియ మళ్లీ చూసుకుని పట్టుకున్నాను.
మూడోరోజు పట్టుకున్నట్టు నాకే తెలియలేదు.
అదీ దాని బరువు.

కంటి ఆపరేషన్ అయ్యాక రోజుకి నాలుగుసార్లు చుక్కలు.
ఇంటి దగ్గర చెయ్యి వణికి సగం మందు చెంప తాగేది.
మిగతా సగానికి బ్రాడీపేట నాలుగో లైన్లో
టీకొట్టు జిలానీని బతిమాలేవాణ్ణి.
ఒక చేత్తో పాలు పొంగకుండా చూస్తూ
రెండో చేత్తో నా రెప్ప ఎత్తేవాడు.
ఇక్కడ సలోమీ గారున్నారు,
పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా రిటైరై
తనూ ఒక గది తీసుకున్నావిడ.
"పైకి చూడండి, దేవుణ్ణి కాదు, ఫ్యానుని" అంటుంది.
చుక్క సరిగ్గా పడుతుంది.
కానీ జిలానీ చేతికి యాలకుల వాసన ఉండేది.
దాన్ని ఏ పళ్లెంలో వెయ్యను?

గుంటూరులో కూర్చుని కారం లేని పప్పు తిన్నాను.
పదిమందికి అల్సర్లట, అందుకని నలభైమందికీ పథ్యం.
తొమ్మిదింటికి దీపాలు ఆర్పేస్తారు.
తొమ్మిదిన్నరకి నాకు లారీల హారన్లు కావాలి,
పక్క పోర్షను మొగుడూపెళ్లాల పోట్లాట కావాలి,
వాళ్ల పిల్ల ఎక్కాలు తప్పు చదువుతుంటే
గోడ ఇవతల్నించి నేను దిద్దాలి.
ఇక్కడ అందరికీ ఎక్కాలు వచ్చు.
అదే లోటు.

భోజనాల హాల్లో కిటికీ పక్కన ఖాళీ కుర్చీ.
కూర్చోబోతే "అది విశ్వేశ్వరం గారిది" అన్నారు.
ఎప్పుడొస్తారని అడిగితే
అందరూ ఒక్కసారే మజ్జిగ కలుపుకున్నారు.

వెళ్లిపోతే డిపాజిట్లో పదోవంతు కోత.
మేనేజరు కుర్రాడు గొంతు తగ్గించి చెప్పాడు.
"తరుగు అనవయ్యా, సిగ్గెందుకు" అన్నాను.
"ఎలా వెళ్లినా ఒకటే రేటా?"
కాసేపటికి అర్థమై
కాగితంలోకి తల దించుకున్నాడు.

ఫోను చేస్తే, కొట్టు కట్టేసి, మూడోరాత్రి
మోపెడ్ మీద వచ్చాడు జిలానీ, పొట్లంతో.
తేజ కాయలు, నూనెలో వేయించి ఉప్పద్దినవి.
బల్ల మీద విప్పాను.
ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు.
తర్వాత తాసిల్దారు చేసిన చెన్నకేశవులు గారి చెయ్యి లేచింది,
ఆ వెనకే గాజుల చేతులు, గ్లూకోజు సూదుల చేతులు.
ముక్కులు కారాయి, కళ్లు కారాయి.
"నేనిది చూళ్లేదు" అంటూ సలోమీ గారు ఒకటి కొరికింది.
నాకు యార్డు వినిపించింది, ఆ దగ్గుల్లో.

పొద్దున్నే బయల్దేరుతుంటే
మెట్ల దగ్గర చెన్నకేశవులు గారు నా సంచీ వంక చూసి
"మళ్లీ ఎప్పుడు?" అన్నారు.
నా గురించో, కాయల గురించో.

ఫారం ఇప్పుడు నా బల్ల మీద ఉంది.
గాలికి లేవకుండా పావుకిలో ఇత్తడి రాయి పెట్టాను.
ముల్లు ఊగుతుండగా అంకె వేసేవాడు దొంగ,
నాకు పని నేర్పిన గుమస్తా మాట.
ఊగనీ.

గోడ అవతల పక్క పోర్షను పిల్ల
ఏడెనిమిదులు యాభై నాలుగు అంటోంది.
యాభై ఆరు తల్లీ, అని అరిచాను,
అందులో తరుగుండదు.