జాజు గుర్తు

మా నాయన బీరప్ప పత్తికొండ సంతకు తోలేముందు
ప్రతి గొర్రె నడుం మీదా ఇంత జాజు పూసేవాడు.
పరాయి మందలో కలిసినా
మనది మనకు కనపడాల.

కర్నూలు ల్యాబులో నేను చేసేదీ అదే.
గాజుపలక మీద పేరు తెలియని మనిషి ఊపిరితిత్తి ముక్క,
బేతంచెర్ల రాతిదుమ్ము తిన్నదేమో.
అందులో ఒక్క ప్రోటీను కోసం
ముందు కుందేలు యాంటీబాడీ,
దాన్ని పట్టుకోను మేకది, పచ్చరంగు మోసేది.
సీసా మీద మేక పేరు చూసి నవ్వొచ్చింది.

మూడుసార్లు కడిగినా.
మద్దిలేటన్న లైటార్పి తలుపు దగ్గరికేసినాడు.

తొలకరికి కొర్ర మొలక లేచినట్టు
కణాల అంచులన్నీ పచ్చగా.

"దొరికిందా పాపా?"
"ఆగన్నా, కుందేలుది వేయని పలక కూడా చూడాల."

అదీ వెలిగింది.
అంతే పచ్చగా.

ఒక ఏడు దారిలో వాన పట్టుకుంది.
జాజు కారి మంద మందంతా ఎర్రన.
ఏది ఎవరిదో తేలక
నాయన ఒక్కదాన్నీ అమ్మకుండా మళ్లుకొచ్చినాడు.
కొందరు అమ్ముకున్నారు, ఆ రోజు.

నోటుబుక్కులో ఫలితం రాసే చోట
అడ్డగీత కొట్టినా.
కింద: రేపు ఇంకోసారి కడగాల.