పేక లేని గుడ్డ

కొత్తవాడల ఆ ఇంటికి పోయేసరికి
పొద్దున ఎనిమిదిన్నర.
గుంత మగ్గం మీద సగం నేసిన జంపఖానా,
అంచు కాడ ఆగిన నాడె.
యెల్గం నర్సింగాన్ని అప్పటికే ఎంజీఎంకు తీసుకపోయిండ్రు.
మిగిలింది గోడలూ, నేనూ.

"గదంత రంగే మేడం" అన్నడు కానిస్టేబుల్,
"అద్దకం ఇల్లు గదా, యాడ జూసినా ఎరుపే."
నిజమే. బాన చుట్టూ ఏండ్ల నాటి ఎరుపు,
గడప మీద, దండెం కింద, పిల్లి పాదాలంత చుక్కలు.
మా నాయినా అద్దకపోడే.
చిన్నప్పుడు నా అరికాళ్లు చూసి బడిల నవ్వెటోళ్లు.
రంగు చుక్క బద్ధకంగ రాలుతది, గుండ్రంగ కూసుంటది.
ఎందుకు పడ్డదో దానికి తెల్వది.

ఉత్తరపు గోడ మీదివి అట్ల లేవు.
సాగినయి. ఒక్కోదానికి ఒక తోక,
తాను పోతున్న దిక్కు చూపెడుతూ.
వెడల్పును పొడవుతో భాగిస్తే కోణం చిక్కుతది.
దూదిపుల్లకు అద్ది, మందు రెండు చుక్కలు వేసిన:
గులాబి.
అద్దకానికి చేతగాని గులాబి.

నా డబ్బాల దారం ఒడిసింది.
పడుగు నుంచే కొంత తెంపుకున్న,
పోయినాయనను అడిగినట్టు ఒక్క క్షణం ఆగి.
మరకకొక పోగు, దాని కోణంల దాన్ని సాగదీస్తే
పదకొండు పోగులు,
పేక లేని గుడ్డ.
అన్నీ పోయి గాలిల ఒక్కతాన కలిసినయి,
నేల నుంచి రెండున్నర అడుగులు.

తమ్ముడు సాంబమూర్తి స్టేషన్ల చెప్పింది వేరు:
అన్న లేచిండు, మీదికొచ్చిండు,
నూకితే గోడకు తాకి పడ్డడు.
రెండున్నర అడుగులు.
గుంతల కాళ్లు పెట్టి నేస్తున్న మనిషి తల
సరిగ్గ అక్కడుంటది.
రేకుల కింది వాసం మీద రెండు వంపులు,
ఎత్తిన చెయ్యి వెనక్కి పోయినప్పుడల్లా విదిల్చినవి.
రెండు వంపులంటే తక్కువల తక్కువ మూడు దెబ్బలు;
మొదటి దెబ్బకు ఇనుము పొడిగనే ఉంటది.

ఇంత వరకు లెక్క. లెక్కంటే నాకు భయం లేదు.

తర్వాత చూసిన, పడమటి గోడ అడుగున
చుక్కలు లేని చోటు.
సగం ఖాళీ రాట్నానిది. రాట్నం ఇంకా అక్కడ్నే ఉన్నది,
తన వంతు మరకలు చక్రం మీద మోస్తూ.
దాని పక్కన ఇంకో ఖాళీ.
సన్నటి భుజాలు. తలకు అటొకటి ఇటొకటి కట్టిన జడల ఎత్తు.
టేపు పెట్టిన: ఇరవై ఆరు అంగుళాలు.
సగం చుట్టిన కండె ఒకటి మూలకు దొర్లి ఉన్నది.

"ఈ ఇంట్ల కండెలు ఎవలు చుడుతరు?"
"ఎవల్లేరు మేడం. ముసలాయన ఒక్కడే."

గోడ మీద లేని చుక్కలు
ఎక్కడో ఒక గౌను మీద ఉండాలె.

పక్కింటి నల్లా కాడ ఒకామె బట్టలు పిండుతున్నది.
బకెట్టుల నురుగు లేత ఎరుపు.
"రంగు, బిడ్డా" అన్నది నేను అడగకముందే, "పోతలేదు."
ఆమె కొంగు వెనక రెండు జడలు, ఊపిరి బిగబట్టి.

జేబుల పుల్లలున్నయి, మందున్నది.
నీళ్లు నిండి పొర్లుతున్నయి.
"ఆపు పెద్దమ్మా" అనాలె.
మాట నోట్లెనే ఉండిపోయి
ప్లాస్టిక్ తొడుగులల్ల ఉన్న
నా కాళ్ల దిక్కు చూసుకున్న.