లోపల ఉన్నదాన్ని బట్టి

టార్టులో ఆ ఏడు మార్చి దాటినా నది గడ్డకట్టే ఉంది.
అచ్చుకూటం కిటికీకి లోపలివైపు కూడా మంచు.
సాల్మె సీసపు గుర్తుల్ని కాసేపు
అరచేతిలో వెచ్చబెట్టుకుంటే గానీ పేర్చేది కాదు.
నేను పని నేర్చుకునే కుర్రాణ్ణి,
ఊడ్చేవాణ్ణి, పళ్లాలు మోసేవాణ్ణి.

ముందు నేర్పింది కుండలీకరణం.
"ఇది ఒడిలాంటిదిరా.
ఒక్క అక్షరం కూర్చుంటే అక్షరమంత.
భిన్నం మీద భిన్నం ఎక్కితే
ఇదీ లేచి నిలబడాలి."
అంత పెద్దది అరలో దొరకదు.
పై కొక్కెం, నడుమ కడ్డీ, కింది కొక్కెం.
అతుకు కనిపిస్తే నా వేళ్ల మీద స్కేలుతో ఒకటి.

సంకలనపు గుర్తు వాక్యం మధ్యలో ఇరుక్కుంటే
భుజాలు ముడుచుకుని
హద్దుల్ని పక్కన పెట్టుకుంటుంది,
రద్దీ బస్సులో సంచీలా.
తనకంటూ ఒక పంక్తి దొరికిందా,
ఒక హద్దు నెత్తిన, ఒకటి కాళ్ల కింద.
ఘాతం మీద ఘాతం, దానికి ఒత్తులా వేలాడే సూచిక...
"ఇక ఇంతకన్నా చిన్నది లేదు" అనేది,
"ఆ తర్వాత అందరిదీ ఒకటే సైజు."

ఏప్రిల్‌లో అమాందా తల్విక్ అని ఒకావిడ వచ్చింది.
చేతిసంచీలో భర్త చివరి వ్యాసం:
సిమెంటు సంచుల కాగితం, పెన్సిలు,
నువ్వుగింజలంత గుర్తులు.
"అక్కడ కాగితం తక్కువ" అంది. ఎక్కడో చెప్పలేదు.
ఆ రోజుల్లో మేం అడిగేవాళ్లం కాదు.
"కాస్త పెద్దగా వేయండి. మిగతావాళ్లకన్నా."

సాల్మె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.
"గోరంత కొండంత చేయలేనమ్మా.
సైజు రాసినవాణ్ణి బట్టి ఉండదు,
లోపల ఉన్నదాన్ని బట్టి ఉంటుంది."
ఆవిడ తలూపింది. సంచీ టక్కున మూసింది.

ఆ రాత్రి దీపం నేనే పట్టుకున్నాను.
మూడో కాగితంలో ఒక వర్గమూలం. దాని గీత
అంచు తగిలి ఆగిపోయింది.
మడత కిందికి దిగిన రెండు పదాలు
చూరు దాటి తడుస్తున్నట్టున్నాయి.
సాల్మె తర్వాతి పంక్తిలో లెక్క చూసుకుంది,
పెదవులు కదుపుతూ, రెండుసార్లు.
అవి లోపలివే.
ఇత్తడి రేకు కోసి, ఆకురాయితో అరగదీసి
ఆ రెంటి మీదికీ కప్పు చాచింది.

తర్వాత, ఏ నియమంలోనూ లేని విధంగా,
సమీకరణానికి పైనా కిందా
పలచటి సీసపు పట్టీ ఒక్కొక్కటి ఎక్కువ దూర్చింది.
"సైజు మార్చలేదు" అంది, నేనేమీ అనకముందే.

ప్రూఫులో సంపాదకుడు ఆ ఖాళీని ఎర్రసిరాతో చుట్టి
దగ్గరకు జరపమన్నాడు.
ఆ కాగితంతో
మర్నాడు పొద్దున పొయ్యి రాజేసింది నేనే.